ధూళికి పుట్టిల్లు ఎక్కడ?

(చెన్నైలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

సూళ్లూరుపేట నుంచి, తడ నుంచి రోజూ లోకల్ రైలెక్కి చెన్నై వచ్చి పోయేవాళ్లు ఈ సభలో కొందరు కనిపిస్తున్నారు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నేనూ ఆ రైల్లోనే వచ్చేదాన్ని. తడ దాటి ఆరంబాక్కం రాగానే రాష్ట్రం మారుతుంది, స్టేషను బోర్డు మీద లిపి మారుతుంది. గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు దాటి అత్తిపట్టు దగ్గరకు వచ్చేసరికి ఎడమ చేతి కిటికీలోంచి ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ పొగ ఎటు వంగి ఉన్నదో చూడటం నాకు అప్పుడే అలవాటైంది. జూన్, జూలై ఉదయాల్లో అది పడమటి గాలికి సముద్రం మీదికి సాగిపోయేది. సాయంత్రం తిరుగు రైల్లో చూస్తే సముద్రపు గాలి దాన్ని ఊళ్ల మీదికి మళ్లించి ఉండేది. డిసెంబరులో ఈశాన్యపు గాలి పట్టినప్పుడు నగరం మీదికే వంగేది. ఒకే గొట్టం నుంచి వచ్చే పొగ ఒక్క రోజులోనే రెండు దిక్కులకు పోవడం చూసిన తరువాత, గాలి ఎటు నుంచి వీస్తున్నదో చూసి కాలుష్యం ఎక్కడిదో చెప్పేవారి మాట నాకు తేలికగా నమ్మబుద్ధి కాలేదు. ఈరోజు నేను మాట్లాడబోయేది అంతా ఆ అపనమ్మకం గురించే.

2019 నవంబరులో చెన్నై ఆకాశం రోజుల తరబడి మసకబారిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ పొగే బంగాళాఖాతం మీదుగా ఇక్కడికి వచ్చిందని కొందరు అన్నారు. అలాంటిదేమీ లేదని, గాలి కదలక ఇక్కడి పొగే నిలిచిపోయిందని ప్రభుత్వం తరఫున చెప్పారు. ఆ వాదన తెగకముందే గాలి మారింది, ఆకాశం తేటపడింది, మనం మరిచిపోయాం. వాదించిన చాలామంది చేతుల్లో ధూళి ఎంత ఉన్నదో చెప్పే అంకెలు ఉన్నాయి గాని, ఆ ధూళి దేనితో తయారైందో చెప్పే అంకెలు లేవు. బరువు తెలిస్తే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. పుట్టిల్లు ఏదో తెలియాలంటే ధూళిని విప్పి చూడాలి.

ముందుగా ఏది ఎంత దూరం పోగలదో చెబుతాను. రోడ్డు మీద లారీ లేపే దుమ్ము, ఇల్లు పడగొడితే లేచే సున్నపు పొడి, ఇలాంటి ముతక ధూళి కొన్ని గంటల్లోనే నేలకు దిగిపోతుంది. మీ వీధి దుమ్ము చాలావరకు మీ వీధిదే. పి.ఎం. 2.5 అని పిలిచే సన్న ధూళి, అంటే మిల్లీమీటరులో నాలుగు వందలో వంతుకు మించని కణాలు, వాన పడకపోతే రోజుల తరబడి గాలిలోనే ఉంటాయి, వందల కిలోమీటర్లు, ఒక్కొక్కసారి వెయ్యి కిలోమీటర్లు దాటి పోతాయి. అంతకంటే మోసకరమైనది మరొకటి ఉంది. బొగ్గు మండినప్పుడు గొట్టంలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ధూళి కాదు, కంటికి కనిపించని వాయువు. అది గాలిలో ప్రయాణిస్తూ ఒకటి రెండు రోజుల్లో సల్ఫేట్ కణాలుగా మారుతుంది. పొలాల్లో చల్లిన యూరియా నుంచి, పశువుల పాకల నుంచి వచ్చే అమ్మోనియా దానితో కలిసి అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. అంటే ఒక ఊరి బొగ్గు, ఇంకో ఊరి ఎరువు దారిలో కలుసుకొని మూడో ఊరిలో ధూళిగా పుడతాయన్నమాట. ఆ ధూళికి ఏ పొగగొట్టాన్నీ నేరుగా చూపలేం. బొగ్గు విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు మన దేశంలో 2015 డిసెంబరులో పరిమితులు విధించారు. గడువులు పలుసార్లు వాయిదా పడ్డాయి. 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ వాయువును కడిగే యంత్రాలు బిగించే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోబడే ఉందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. చుట్టుపక్కల వాయువుగా కొలిచినది వందల కిలోమీటర్ల అవతల కణంగా పడుతుందన్న విషయాన్ని ఆ లెక్క పట్టించుకోలేదని నా అభిప్రాయం, నా బాధ కూడా.

ఇక ధూళిని విప్పి చూసే పని ఎలా జరుగుతుందో చెబుతాను. నా చేతిలో ఉన్న ఈ గుండ్రని బిళ్ల 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్. చూడటానికి అప్పడం ముక్కంత ఉంటుంది, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత తేలిక. దీన్ని ముందుగా ఒక రోజంతా ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో ఉంచి, మిల్లీగ్రాములో వెయ్యో వంతును సైతం పట్టుకునే త్రాసు మీద తూస్తాం. తరువాత మేడ మీద యంత్రంలో బిగిస్తే నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటల్లో సుమారు 24 ఘనమీటర్ల గాలి దీని గుండా పోతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం ఒక రోజు సగటు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగ్గా ఆ హద్దు దగ్గరే గాలి ఉన్నదనుకుంటే బిళ్ల మీద చేరే ధూళి ఒకటిన్నర మిల్లీగ్రాముకు కాస్త తక్కువ, బియ్యపు గింజ బరువులో పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్త ధూళిలోనే మనకు కావలసిన సాక్ష్యమంతా ఉంటుంది.

అల్యూమినియం, సిలికాన్, కాల్షియం కలిసి కనబడితే అది మట్టి, సిమెంటు. సోడియం, క్లోరిన్ ఉంటే సముద్రపు ఉప్పు. మెరీనా గాలిలో అది లేని రోజు ఉండదు, దాన్ని కాలుష్యంలో జమకట్టడం తప్పు. సెలీనియం, ఆర్సెనిక్ బొగ్గును గుర్తు చేస్తాయి. రాగి, యాంటిమొనీ, బేరియం బండ్ల బ్రేకులు అరిగినప్పుడు రాలతాయి. జింకు టైర్ల నుంచి, చెత్త మంటల నుంచి వస్తుంది. వెనేడియం, నికెల్ ఓడల్లోను, చమురు కర్మాగారాల్లోను మండే బరువైన నూనెకు గుర్తులు. ఎన్నూరులోను, నగరంలోను రేవులు ఉన్న చెన్నైలో ఈ రెండూ ముఖ్యమైనవి. అయితే 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకం, అంటే సల్ఫర్, 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని అంతర్జాతీయ నియమం వచ్చాక ఇంధనమే మారిపోయింది, దానితోపాటు ఓడ పొగలో వెనేడియమూ బాగా తగ్గింది. పాత గుర్తులనే పట్టుకొని కూర్చుంటే రేవులో ఓడ కళ్లెదుట నిలబడి ఉన్నా లెక్కలో కనిపించదు. కనుక ఈ గుర్తుల పట్టికను కాలానికి తగ్గట్టు తిరగరాసుకుంటూ ఉండాలి.

పొటాషియం సంగతి మరికొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను పొరపడింది దాని దగ్గరే. కట్టె, పిడక, వరిగడ్డి మండితే పొటాషియం వస్తుంది. దీపావళి టపాకాయల్లోనూ పొటాషియం ఉంటుంది. రెండింటినీ వేరుచేయడానికి లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థాన్ని వెతుకుతాం. చెట్టు పీచు కాలితేనే అది పుడుతుంది, మందుగుండులో ఉండదు. ఒక చలికాలంలో నగర శివారులోని ఒక మేడ మీద మా ఫిల్టర్లలో ఈ రెండూ కలిసి పెరిగాయి. నెల్లూరు వైపు కోతలు అయ్యాక గడ్డి తగలబెడుతున్నారు, ఈశాన్యపు గాలి తెస్తున్నది అని నేనే ముందుగా అన్నాను. లెక్కలన్నీ దానికి సరిపోయినట్టే కనిపించాయి. మా బృందంలో ఫిల్టర్లు మార్చే కుర్రవాడు తారీఖుల పక్కన వారాల పేర్లు రాసి చూపించి, "అమ్మా, ప్రతి ఆదివారం ఇది దిగిపోతోంది" అన్నాడు. పొలాల్లో మంటలు ఆదివారమని ఆగవు కదా. వెళ్లి చూస్తే మేడ వెనక సందులో ఒక మెస్సు, దానికి మూడు కట్టెల పొయ్యిలు, ఆదివారం సెలవు. నేను రెండు వందల కిలోమీటర్ల అవతల వెతికినది ముప్పై అడుగుల దూరంలో ఉంది. ఆ రోజు నుంచి, బయటి నుంచి వచ్చిందని చెప్పే ముందు యంత్రం చుట్టూ ఒకసారి నడిచి చూసిరావడం మా పనిలో భాగమైంది.

బిళ్ల మీద దొరికిన ఇరవై ముప్పై పదార్థాల అంకెల నుంచి మూలాలను లెక్కగట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటి దానిలో ప్రతి మూలపు పొగనూ విడిగా కొలిచి ఆ నమూనాలు ముందే సిద్ధం చేసుకొని, గాలి ధూళిలో ఏ నమూనా ఎన్ని పాళ్లు ఉన్నదో తూకం కడతారు. రెండవది 1990ల్లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు తెచ్చినది. అందులో నమూనాలు ముందుగా తెలియనక్కరలేదు, వందల ఫిల్టర్ల అంకెల్లో ఏ పదార్థాలు కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయో గణితమే గుంపులు కడుతుంది. ఆ గుంపులకు పేరు పెట్టేది మాత్రం మనిషే, నాలాంటి వాళ్లు పొరపడేది అక్కడే. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూరు నగరాల్లో ఇలాంటి అధ్యయనం చేయించింది. చెన్నై భాగాన్ని ఐ.ఐ.టి. మద్రాసు చేసింది. ఆ నివేదిక వెలువడి దశాబ్దంన్నర దాటుతోంది. అప్పటికి ఈ నగరంలో మెట్రో రైలు లేదు, పాత మహాబలిపురం దారి పొడవునా ఇన్ని మేడలు లేవు. ఒక నగరపు ధూళిని ఒకసారి లెక్కగట్టి అంతటితో ఊరుకోకూడదు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. చలికాలంలో మనకు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. గంగా మైదానపు పొగ బంగాళాఖాతం మీదికి దిగి మన తీరానికి చేరేదీ ఆ దిక్కు నుంచే, నగరపు ఉత్తరపు అంచున పరిశ్రమలున్న ఎన్నూరు, మణలి పొగ నగరం మీదికి వచ్చేదీ ఆ దిక్కు నుంచే. ఒకటి వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరానిది, ఇంకొకటి ఇరవై కిలోమీటర్లది. గాలి వాటం చూసి వాటిని వేరుచేయడం సాధ్యం కాదు. వేరుచేసేది వయసు. దగ్గరి పొగలో గంధకం ఇంకా వాయువుగానే ఉంటుంది. దూరపు పొగలో చాలావరకు సల్ఫేట్ అయిపోయి ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగసి గంట రెండు గంటల్లో పడిపోతే అది పక్కింటి పొగ. వాయువు మామూలుగా ఉండి సల్ఫేట్ నెమ్మదిగా పెరిగి రెండు మూడు రోజులు అలాగే నిలిస్తే అది దూరం నుంచి నడిచి వచ్చినది. రెండవ సాక్ష్యం పక్క ఊళ్లది. మణలిలో మాత్రమే పెరిగితే మూలం అక్కడిదే. నెల్లూరు, చెన్నై, పుదుచ్చేరి మూడింటిలోనూ ఒకే రోజు ఒకే తీరున పెరిగితే ఏ ఒక్క ఊరి పొగా అందుకు కారణం కాదు. బెర్లిన్‌లో పరిశోధకులు 2001లో ప్రచురించిన పద్ధతికి మూలం ఈ పోలికే. ఊరి బయట పల్లెలో ఎంత, ఊరి లోపల ఇళ్ల మధ్య ఎంత, రద్దీ రోడ్డు పక్కన ఎంత అని మూడు చోట్ల కొలిచి, ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేస్తే బయటిది, ఊరిది, వీధిది విడివిడిగా తేలతాయి. అయితే ఊరి పొగ పల్లెకూ పోతుంది కనుక ఆ తీసివేతలో ఊరి వాటా కొంత తగ్గి కనిపిస్తుంది. ఈ లోపాన్ని మరిచిపోతే నగరాలకు ఉచితంగా మంచి పేరు వచ్చేస్తుంది.

సముద్రం పక్కన ఉండటం వల్ల మనకు ఇంకో చిక్కు ఉంది. రాత్రి నేల చల్లబడ్డాక భూమి మీది గాలి సముద్రం వైపు జారుతుంది, మన వాహనాల పొగ, చెత్తకుప్పల పొగ దానితోపాటు నీటి మీదికి పోయి అక్కడ పేరుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై దానిలో కొంత వెనక్కి తెస్తుంది. తిరువాన్మియూరు ఒడ్డున యంత్రం పెట్టి చూస్తే గాలి సముద్రం నుంచి వస్తున్నది, ధూళి అందులో ఉన్నది, కనుక ఇది బయటిదే అనిపిస్తుంది. నిజానికి అది నిన్న రాత్రి తండయారుపేట నుంచో, కొడుంగయూరు చెత్తగుట్ట నుంచో బయలుదేరి తిరిగి ఇల్లు చేరిన మన పొగ కావచ్చు. గాలి నడిచిన దారిని వెనక్కి గీసి చూపే హైస్ప్లిట్ అనే లెక్క అమెరికా వాతావరణ సంస్థ నోవా దగ్గర అందరికీ ఉచితంగా దొరుకుతుంది, విద్యార్థులు కూడా వాడవచ్చు. కానీ తీరం వెంబడి వీచే ఈ చిన్న గాలులు దానికి సరిగా అందవు, పైగా ప్రయాణదూరంలో సుమారు ఐదో వంతు దాకా పొరపాటు ఉండవచ్చు. ఆ గీత ఢిల్లీ మీదుగా పోయిందని చూపించి ధూళి ఢిల్లీదేనని వార్త రాయడం తొందరపాటు. గాలి ఆ దారిన వచ్చిందంటే ధూళిని మోసుకొనే వచ్చిందని కాదు, మధ్యలో వాన కడిగేసి ఉండవచ్చు కూడా.

దూరం నుంచి ఏమీ రాదని నేను అనడం లేదు. మద్రాసులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ సహనాయకత్వంలో 1999లో హిందూ మహాసముద్రం మీద జరిగిన ఇండోఎక్స్ పరిశోధనలో, చలికాలంలో దక్షిణాసియా నుంచి గోధుమరంగు పొగమంచు మూడు కిలోమీటర్ల మందాన సముద్రం మీద పరచుకోవడం విమానాలతో, ఓడలతో కొలిచి చూశారు. ఆ మసి ఏమి కాల్చితే వచ్చిందో తేల్చడానికి తరువాత ఒక చక్కని ఉపాయం వాడారు. కార్బన్ 14 అనేది కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్. భూమిలో కోట్ల ఏళ్లు ఉన్న బొగ్గులో, పెట్రోలులో అది మిగలదు. నిన్నమొన్నటి కట్టెలో, పిడకలో ఉంటుంది. మాల్దీవుల్లోను, పుణె దగ్గర సింహగఢ్ కొండ మీద సేకరించిన నమూనాలను అలా పరీక్షించి, మసిలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కట్టె, పిడక, గడ్డి మంటల నుంచే వచ్చిందని 2009లో ప్రకటించారు. అందులో ఎన్నో ఇళ్ల వంటపొయ్యిలూ ఉన్నాయి. దూరపు కాలుష్యం అనగానే ఫ్యాక్టరీ గొట్టాలే కళ్లముందు నిలిచే మనకు ఆ ఫలితం తెలియాలి.

సరిహద్దు దాటే పొగకు బాధ్యత ఎలా పంచుకోవాలో యూరప్ చూపించింది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్ 1967లో తమ చెరువులు ఆమ్లంగా మారడానికి ఇతర దేశాల పొగ కారణమని చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1979లో జెనీవాలో ఒప్పందం కుదిరాక అన్ని దేశాలూ ఒకే తీరున కొలిచి, ఏ దేశపు గంధకం ఏ దేశంలో ఎంత పడుతున్నదో పట్టిక వేసుకున్నాయి. పట్టిక చేతికి వచ్చాక వాదనలు తగ్గాయి, గంధకమూ తగ్గింది. దక్షిణాసియా దేశాలు 1998లో మాలెలో ఇలాంటి ప్రకటనే చేశాయి గాని, దేశాలను కట్టిపడేసే బాధ్యతలేవీ అందులో లేవు.

మన సరిహద్దు అంత పెద్దది కూడా కాదు. తడకు, గుమ్మిడిపూండికి మధ్య రైల్లో అరగంట దూరం. అటు శ్రీసిటీ, నాయుడుపేట, ఇంకా పైన కృష్ణపట్నం రేవు, అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రాలు. ఇటు గుమ్మిడిపూండి పారిశ్రామికవాడ, ఎన్నూరు, 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కిన మణలి. చలికాలంలో అటు గాలి ఇటు వస్తుంది, వేసవిలో దక్షిణపు గాలి పట్టినప్పుడు ఇటు గాలి అటు పోతుంది. సూళ్లూరుపేటలో దగ్గే పిల్లవాడికి, తిరువొత్తియూరులో దగ్గే ముసలమ్మకు కారణం ఒకే గాలిలో ఉండవచ్చు. అయినా రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు తమ తమ హద్దుల వరకే అనుమతులు ఇస్తాయి. ఢిల్లీ చుట్టూ ఉన్న రాష్ట్రాలకు కలిపి 2021లో చట్టంతో ఒక కమిషన్ వచ్చింది. కోరమాండల్ తీరానికి అలాంటిది లేదు. అంత పెద్ద వ్యవస్థ వచ్చేదాకా ఆగాలని నేను అనను. తడ దగ్గర ఒకటి, పొన్నేరి దగ్గర ఒకటి, బరువుతోపాటు సల్ఫేట్‌ను, మసిని, లోహాలను గంటగంటకూ కొలిచే రెండు కేంద్రాలు పెట్టి, ఆ అంకెలను రెండు మండళ్లూ ఒకే చోట అందరికీ కనిపించేలా ఉంచితే, మూడు చలికాలాల్లో ఎవరి వాటా ఎంతో చాలావరకు తేలుతుంది. ఈ విషయమై రెండు రాష్ట్రాల అధికారులనూ అడుగుతున్నాను. రెండు వైపులా బంధువులు ఉన్న మనం అడిగితే వినేవాళ్లు ఉంటారని ఆశిస్తున్నాను.

దీనికి డబ్బు ఎక్కడిదని అడిగేవారికి ఒక మాట. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నిధుల్లో పెద్ద భాగం రోడ్డు దుమ్ము ఊడ్చడానికి, నీళ్లు చల్లడానికి పోయింది. దుమ్ము కంటికి కనిపిస్తుంది, ఊడిస్తే పని జరిగినట్టూ కనిపిస్తుంది. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే సన్న ధూళిలో ఎక్కువ భాగం కాలిన వాటి నుంచి వచ్చేదే, దాన్ని ఏ చీపురూ ఊడ్వలేదు.

చివరగా, ఈ రెండు అద్దపు డబ్బీలు ముందు వరుసకు ఇస్తున్నాను, చేతులు మారుతూ వెనక వరుసల దాకా వెళ్లనివ్వండి. మూతలు తీయవద్దు, లోపలి బిళ్ల మీద ఊపిరి పడినా తూకం మారిపోతుంది. మొదటిది ఒక భోగి రోజు నగరంలో తీసినది. ముందునాటి రాత్రి నుంచే టైర్లు, పాత చాపలు కాల్చారు కదా, అంచుల దాకా నల్లగా ఉంటుంది. విప్పి చూస్తే జింకు, మసి దండిగా ఉన్నాయి, అంతా మన వీధుల్లోనిదే. 2018 భోగి ఉదయం ఇలాంటి పొగే మంచుతో కలిసి మన విమానాశ్రయంలో విమానాలను ఆపేసింది. రెండవది ఇంకో చలికాలపు రోజుది, లేత బూడిదరంగులో దాదాపు శుభ్రంగా కనిపిస్తుంది. తూస్తే ఆ రోజు కూడా మన ప్రమాణాన్ని దాటింది, అందులో ఎక్కువ భాగం సల్ఫేట్. సల్ఫేట్‌కు రంగు ఉండదు. ఆ రెండవ బిళ్లను కాస్త వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి, ప్రశ్నలు ఆ తరువాత తీసుకుంటాను.